కల్లంలో తీతువు

మా కోడలు మిట్టమధ్యాహ్నం ఎండలో మిరప కల్లంలో బోర్లా పడి ఉందన్న సంగతి ఊళ్ళో నాకంటే ముందే అందరికీ తెలిసిపోయింది. నేను వంటింట్లో పప్పుకి తాలింపు పెడుతుంటే పక్కింటావిడ గోడ మీదుగా తల పెట్టి, "సుబ్బరావమ్మొదినా, మీ కొత్త కోడలికి వడదెబ్బ కొట్టినట్టుంది, కల్లంలో నేల మీద పడి ఉందంట" అని కేకేసింది. తాలింపు మాడితే మాడిందని గరిట పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

రెండువేల రెండో సంవత్సరం, మార్చి నెల. దర్శి చుట్టుపక్కల మెట్టపొలాల్లో ఆ ఏడు మిరప విరగకాసింది. ఏ కల్లంలో చూసినా నేల కనపడకుండా కాయ ఎండుతోంది. మా కల్లంలో ఒక మూల మాత్రం ఇంకా పేడనీళ్ళతో అలకలేదు, బెడ్డలు బెడ్డలుగా మిగిలి ఉంది. ఆ మూలకి కాస్త ఇవతల, ఖాళీ గోతాల కుప్ప వెనక, పెళ్ళికి పెట్టిన నేతచీర దుమ్ము కొట్టుకుపోతున్నా పట్టించుకోకుండా మా భవ్య మోచేతుల మీద పడుకుని కెమెరా కంటికి ఆనించుకుని ఉంది.

"ఏమే, ఏమైందే నీకు?" అని అరిచాను.

భవ్య వెనక్కి తిరగలేదు. చెయ్యి మాత్రం వెనక్కి చాపి, "ఉష్... అత్తయ్యా, కొంచెం మెల్లగా" అంది.

నన్ను మెల్లగా మాట్లాడమన్నవాళ్ళు అప్పటిదాకా ఆ ఊళ్ళో పుట్టలేదు. మా ఆయన చెంచురామయ్య ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కసారి కూడా ఆ సాహసం చెయ్యలేదు. ఆ ఆశ్చర్యంలో నేను నిజంగానే నోరు మూసుకుని, ఆ పిల్ల చూస్తున్న వైపు చూశాను.

బెడ్డల మధ్య ఒక పిట్ట కూర్చుని ఉంది. నల్లటి తల, కంటి ముందు ఎర్రటి తోలు, మట్టిరంగు రెక్కలు. నన్ను చూడగానే లేచి పొడుగాటి పసుప్పచ్చ కాళ్ళ మీద నాలుగడుగులు పరిగెత్తి, గాల్లోకి లేచి నా నెత్తిమీద తిరుగుతూ ఒకటే కూత. ఆ గొంతు వినగానే గుర్తుపట్టాను.

"తీతువు! అయ్యో, మన కల్లంలో తీతువేంటే?"

"గుడ్లు పెట్టింది అత్తయ్యా. అదిగో చూడండి, బెడ్డల్లో కలిసిపోయాయి. నేనే ఇందాక తొక్కబోయాను" అంది భవ్య. ముఖమంతా దుమ్ము, చెమట. కళ్ళు మాత్రం వెలిగిపోతున్నాయి.

తీతువు కూసిన ఇంట్లో మనిషి నిలవడని నా చిన్నప్పటినుంచీ వింటున్నాను. అలాంటిది పిలిచి పేరంటం పెట్టినట్టు మా కల్లంలోనే కాపురం పెట్టింది. దాన్ని చూసి మా కోడలు మురిసిపోతోంది.

భవ్య సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. మా వియ్యంకుడికి దర్శిలో ఫొటో స్టూడియో ఉంది. ఈ పిల్ల చీకటిగదిలో ఫొటోలు కడుగుతూ పెరిగింది. పెళ్ళిళ్ళలో ఆడవాళ్ళ వైపు ఫొటోలన్నీ తనే తీసేది. సారెతో పాటు కెమెరా కూడా తెచ్చుకుంది. మా వాడు కోటేష్‌కి అది నచ్చలేదు. "నలుగురు మగాళ్ళ మధ్య మెళ్ళో కెమెరా వేసుకుని నువ్వు తిరుగుతుంటే నన్నేమంటారు? ఈ పంట ఇల్లు చేరేదాకా నీ సరదా తీర్చుకో. ఆ తర్వాత పెట్టెలో పెట్టెయ్" అన్నాడు. భవ్య "సరే" అంది. ఆ సరే నా చెవికి ఇంపుగా వినపడలేదు కానీ మొగుడూ పెళ్ళాల మాటలో నేనెందుకని ఊరుకున్నాను.

జూన్‌లో ఒంగోలులో ఫొటోలు తీసేవాళ్ళ సంఘం పోటీ పెడుతోందట. పెట్టెలో పెట్టేలోపు ఒక్కటంటే ఒక్కటి, తనదని చెప్పుకోదగ్గ ఫొటో తీసి అక్కడికి పంపాలని ఆ పిల్ల ఆశ. ఆ రోజు ఇంటికి నడిచొస్తూ నాకు చెప్పింది. "పెళ్ళి ఫొటోలు ఎవరైనా తీస్తారు అత్తయ్యా. ఇది నేను మాత్రమే చూశాను" అంది.

*

మర్నాడు పొద్దున్నే మస్తాన్‌బీ ముఠా వచ్చింది. మస్తాన్‌బీ అంటే మా ఊరి కూలి ఆడవాళ్ళకి పెద్ద. కోతకైనా, తెల్లబడ్డ తాలుకాయ ఏరడానికైనా ఆమె మాట మీదే అందరూ దిగుతారు, ఆమె మాట మీదే లేస్తారు. చీరల మీద మగాళ్ళ చొక్కాలు తొడుక్కుని, ఘాటు తగలకుండా మూతికి తువ్వాళ్ళు చుట్టుకుని కల్లం అంచుదాకా వచ్చారు. తీతువు లేచి కూసింది. అందరూ అక్కడే ఆగిపోయారు.

"మేం రాం అక్కా" అంది మస్తాన్‌బీ. "పోయినేడు మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇదే కూత. ఇంటి మీదనే తిరిగింది. తెల్లారేసరికి కబురొచ్చింది. ఆ పిట్ట ఉన్న కల్లంలో నేను కూకోను."

కోటేష్‌కి చిర్రెత్తింది. తాలు ఏరకపోతే కాయ మార్కెట్ యార్డుకి వెళ్ళదు. పైగా రెండో కోత కాయ పొయ్యడానికి ఆ మూల కూడా కావాలి. వంగి ఒక మట్టిబెడ్డ తీసుకున్నాడు.

"ఏవండీ, వద్దండీ! గుడ్లున్నాయి" అంటూ భవ్య వెళ్ళి అడ్డంగా నిలబడింది.

"నీ ఫొటోల పిచ్చి కోసం పంట ఎండబెట్టుకోవద్దంటావా? తప్పుకో!"

కూలోళ్ళ ముందు మొగుడు అంత మాట అన్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కానీ ఆ పిల్ల తప్పుకోలేదు. చేతులు కట్టుకుని, తల ఎత్తి, అక్కడే నిలబడింది. నెత్తిమీద తీతువు ఎంత గట్టిగా అరుస్తోందో ఇక్కడ నా కోడలు అంత గట్టిగా నోరు మూసుకుని నిలబడింది. ఆ నిలబడటం చూసి, నిజం చెప్పాలంటే, నాకు గర్వంగా అనిపించింది. నా ఇంటికి వచ్చిన పిల్ల గట్టిపిండం అనుకున్నాను.

నాకు మాత్రం భయం లేదా? ఉంది. అయినా కొంగు నడుముకి దోపి, చేట తీసుకుని, ఆ మూలకి అందరికంటే దగ్గరగా వెళ్ళి కాయల ముందు చతికిలబడ్డాను.

"మస్తాన్‌బీ, ఇటు చూడు. ఆ పిట్ట మనల్ని చూసి అరుస్తోందే. గుడ్లు ఎక్కడ తొక్కుతామోనని దాని ఏడుపు అది ఏడుస్తోంది. నీ పిల్లల మీదకి ఎవడన్నా వస్తే నువ్వు పాట పాడతావా? మీ ఆయన జబ్బుతో పోయాడు. దీని నోటికి అంత బలముంటే ముందు నన్ను తీసుకుపోమను, దీనికి అందరికంటే దగ్గర కూర్చుంది నేనేగా."

మస్తాన్‌బీ పిట్టని ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. తర్వాత తువ్వాలు బిగించి కట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఆమె కూర్చున్నాక మిగిలినవాళ్ళు కూడా వచ్చారు.

కోటేష్ బెడ్డ కింద పడేశాడు. "తల్లీ పెళ్ళాం ఒకటైతే నేనేం చేసేది" అని గొణుక్కుంటూ రెండో కోత కాయని ట్రాక్టర్లో వేసుకుని తారురోడ్డు పక్కకి తోలుకెళ్ళి ఆరబోశాడు. వచ్చే పోయే లారీలకి సగం కాయ తొక్కుడైపోతుందని రోజూ సాయంత్రం నాకు వినపడేలా తిట్టేవాడు.

*

భవ్య రోజూ చూసేది. ఆడదీ మగదీ వంతులేసుకుని గుడ్ల మీద కూర్చుంటాయని, ఏది ఆడదో ఏది మగదో తనకీ తెలియడం లేదని చెప్పేది. ఒకరోజు కూడు తింటూ తింటూ ముద్ద చేతిలో పట్టుకుని, "అత్తయ్యా, అది పొదగడం లేదు" అంది.

"మరి కూర్చుని ఏం చేస్తోంది, కునుకు తీస్తోందా?"

"చల్లబరుస్తోంది. బోరు దగ్గర కాలవలోకి దిగి పొట్ట ముంచుకుని వస్తోంది. ఆ తడి పొట్టతో వచ్చి గుడ్ల మీద నిలబడుతోంది. నీళ్ళు కారుతుంటే గుడ్లు తడుస్తున్నాయి. అదీ నేను తియ్యాల్సిన ఫొటో."

నా జన్మలో ఎన్ని కోళ్ళని పొదగేశానో లెక్కలేదు. గుడ్డుకి వేడి కావాలని తెలుసు కానీ, ఒక తల్లి గుడ్డుకి చల్లదనం మోసుకొస్తుందని ఎన్నడూ వినలేదు. మర్నాడు కాయలు ఏరుతూ ఓరకంట చూశాను. భవ్య చెప్పినట్టే, పొట్ట ఈకలు ముద్దయిపోయి, చుక్కలు రాలుస్తూ నడిచొచ్చింది. ఆ పూటతో నాలో మిగిలిన భయం కూడా పోయింది.

ఇదంతా మా ఆయనకి ఎవరూ చెప్పలేదు. ఆయన మంచివాడు, పైగా కోళ్ళంటే ప్రాణం. ఒక మధ్యాహ్నం మేమంతా చెట్టుకింద అన్నాలు తింటుంటే, గుడ్ల చుట్టూ కాకులు తిరగడం చూశాడట. కోడిపిల్లల మీద బోర్లించినట్టు తాటాకు గంప ఒకటి తెచ్చి గుడ్ల మీద బోర్లించి, గాలికి ఎగరకుండా పైన రాయి కూడా పెట్టి, మీసం దువ్వుకుంటూ మా దగ్గరకి వచ్చాడు.

"మీ పిట్టకి ఇక ఢోకా లేదమ్మాయ్. గంప బోర్లించి వచ్చా" అన్నాడు.

భవ్య చేతిలో పళ్ళెం అలాగే వదిలేసి పరిగెత్తింది. వెనకాలే మేమూ వెళ్ళాం. తీతువులు రెండూ గంప చుట్టూ గింగిరాలు తిరుగుతున్నాయి. ఒకటి తడి పొట్టతో వచ్చి గంప అంచుని ముక్కుతో పొడుస్తోంది. దాని పొట్ట నీళ్ళు వేడి నేలకే ఇంకిపోతున్నాయి. భవ్య రాయి తీసి గంప ఎత్తి దూరంగా జరిగింది. మామగారిని ఒక్క మాట అనలేదు. పిట్ట వచ్చి గుడ్ల మీద నిలబడేదాకా మేం అక్కడే నిలబడి చూశాం.

మా ఆయన ముఖం చిన్నబోయింది. "కోడికి అట్టాగే చేస్తాం కదే" అన్నాడు నాతో.

"అది కోడి కాదయ్యా మహానుభావా, అది దాని పని చేసుకుంటుంది. నువ్వు కాకుల్ని తోలు చాలు" అన్నాను.

ఆ రోజునుంచి ఆయన దూరంగా కుక్కిమంచం వేసుకుని, చేతిలో కర్ర పట్టుకుని కాకులకి కాపలా కూర్చున్నాడు. మిరపకాయలకి కూడా ఆయన అంత శ్రద్ధగా ఎప్పుడూ కాపలా కాయలేదు.

*

ఫొటో మాత్రం కుదరడం లేదు. భవ్య కెమెరా పట్టుకుని గోతాల కుప్ప దాటితే చాలు, పిట్ట లేచిపోయేది. దూరం నుంచి తీస్తే ఆవగింజంత పడుతుందట. వాళ్ళ నాన్న దగ్గర పెద్ద లెన్సు అడిగి తెచ్చినా చాలలేదు. గుడ్లు ఇంకో వారం పది రోజుల్లో పగులుతాయేమో, ఈలోపు ఫొటో రాకపోతే ఇక రానట్టే. కెమెరా పెట్టెలోకి పోతుంది. రాత్రి అన్నం దగ్గర ఆ పిల్ల దిగులుగా కూర్చుంటే నాకో ఉపాయం తట్టింది.

"మనం ఏరుతుంటే అది లేవడం లేదు కదే. రోజూ చూసి చూసి మనల్ని కాయల కుప్పలనుకుంటోంది. నువ్వు మాలో ఒకదానివై కూర్చో" అన్నాను.

మర్నాడు భవ్యకి మా ఆయన పాత చొక్కా తొడిగి, మూతికీ తలకీ తువ్వాలు చుట్టి, మస్తాన్‌బీకీ నాకూ మధ్య కూర్చోబెట్టాం. కెమెరాకి గుడ్డ చుట్టి, కన్నం చేసిన గోతం కింద దాచింది. రెండు చేతులా తాలుకాయ ఏరుతూ, మాతో పాటు కబుర్లు చెబుతూ, రోజుకి కాస్త కాస్త ముందుకి జరిగేది. ఎవరూ జరిగినట్టు కనపడకుండా వరసంతా కలిసి జరిగేవాళ్ళం. నాలుగో రోజుకి మస్తాన్‌బీకే తొందరెక్కువైంది.

"అమ్మాయ్, ఇయ్యాల ఇంకో జానెడు జరుగుదామా? నేను దగ్గుతా, ఆ చప్పుట్లో నువ్వు జరుగు" అంది.

ఆ రోజు వడగాలి కొడుతోంది. మిరప ఘాటుకి అందరి కళ్ళూ మండుతున్నాయి. బోరు వైపునుంచి పిట్ట నడిచొచ్చింది. మమ్మల్ని ఒకసారి చూసింది. గుడ్ల మీదకి వచ్చి, కాళ్ళు కాస్త వంచి, పొట్ట ఈకలు విదిలించి నిలబడింది. ఒక్కో చుక్కా ఎండలో మెరుస్తూ గుడ్ల మీద పడింది. మా వరసలో ఒక్కళ్ళు కూడా కదల్లేదు. గోతం కింద టిక్కుమని చిన్న చప్పుడు, మళ్ళీ ఇంకోటి. పిట్ట తల తిప్పి చూసి, మళ్ళీ తన పనిలో పడింది.

"దొరికిందా?" అని పెదాలు కదపకుండా అడిగింది మస్తాన్‌బీ.

భవ్య తలూపింది. తువ్వాలు కట్టిన ముఖంలో నవ్వు కళ్ళలోంచే కనపడింది. ఆ రోజు మేం ఏరిన కాయలో తాలు మిగిలిపోయిందని కోటేష్ తర్వాత గోల పెట్టాడు.

గుడ్లు పగిలాక పిల్లలు ఒక్కరోజు కూడా కల్లంలో ఉండలేదు. తల్లి వెనకాల పత్తికట్టె చేలోకి నడిచెళ్ళిపోయాయి. మా ఆయన కర్ర పట్టుకుని చేని గట్టుదాకా సాగనంపి వచ్చాడు.

*

దర్శిలో రీలు కడిగి వియ్యంకుడు ఫొటోని పెద్దది చేయించి తెచ్చాడు. కోటేష్ చేతులు తుడుచుకుని అందుకున్నాడు. వెలుతురు దగ్గరకి తీసుకెళ్ళి చాలాసేపు చూశాడు.

"ఇది మన కల్లమేనా?" అన్నాడు.

"కాదురా, పక్క జిల్లాది" అన్నాను. వాడు నవ్వలేదు. ఇంకోసారి చూసి జాగ్రత్తగా అట్టల మధ్య పెట్టాడు. కెమెరా సంగతి మాత్రం ఎత్తలేదు. అప్పటికి పంట ఇల్లు చేరింది. భవ్య కెమెరాని మెత్తటి గుడ్డలో చుట్టి తన పెట్టెలో పెట్టేసింది. వాడు చూసి బయటికి వెళ్ళిపోయాడు. నేనూ చూశాను, చేతిలో గిన్నె ఠపీమని కింద పెట్టాను.

జూన్‌లో ఒంగోలు రమ్మని కబురొచ్చింది. బహుమతి వచ్చిందట, ఏదో చెప్పలేదు. నలుగురం బస్సెక్కి వెళ్ళాం. హాల్లో గోడల నిండా ఫొటోలు. ఆలయాలు, పడవలు, ముసలివాళ్ళ ముడతలు. మధ్యలో మా తీతువు, పొట్ట కింద వేలాడే నీటిచుక్కతో సహా. జనం దాని ముందు ఆగి ఆగి వెళ్తున్నారు. నేను పక్కనే నిలబడి వచ్చినవాళ్ళందరికీ అది మా కల్లమేనని చెప్పాను. మా ఆయన సిగ్గుపడి నా కొంగు పట్టి లాగాడు.

కుర్చీల్లో కూర్చున్నాక పెద్దాయన ఒకాయన మైకు ముందుకి వచ్చాడు. "మొదటి బహుమతి, 'కల్లంలో తీతువు'. ఛాయాగ్రాహకులు, దర్శి ప్రాంత రైతు శ్రీ కోటేష్ గారు!" అన్నాడు.

వియ్యంకుడు పోటీకి పంపిన కవరు మీద భవ్య, కేరాఫ్ రైతు కోటేష్ అని రాశాడట. వీళ్ళు ఆ ఒక్క పేరే పట్టుకున్నారు. హాలంతా చప్పట్లు. వెనక కూర్చున్నాయన కోటేష్ భుజం తట్టి, "లేవండి సార్, మిమ్మల్నే" అన్నాడు. మా వాడు లేచి నిలబడ్డాడు కానీ అడుగు పడలేదు.

పక్కన భవ్య తల వంచుకుని చీర కుచ్చెళ్ళు సర్దుకుంటూ, "పర్లేదండీ, మీరే వెళ్ళండి" అంది మెల్లగా.

ఆ 'పర్లేదు' వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండలో నేల మీద పడి, ఘాటులో ఏడ్చి, మొగుడి చేతిలో బెడ్డకి ఎదురు నిలబడి తీసిన ఫొటో. దానికి పర్లేదా? నేను కుర్చీ వెనక్కి నెట్టి లేచాను.

"అయ్యా, ఆపండి! ఆ చప్పట్లు ఆపండి!"

నా గొంతు సంగతి చెప్పాను కదా. మైకు అక్కర్లేకుండానే హాలంతా నిశ్శబ్దమైపోయింది.

"ఆ ఫొటో తీసింది వాడు కాదు. వాడు ఆ పిట్టని బెడ్డ పెట్టి కొట్టబోయినవాడు. తీసింది ఇదిగో, ఈ పిల్ల. పేరు భవ్య."

పెద్దాయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "అమ్మా, మీరెవరు? ఆ అమ్మాయి తల్లిగారా?"

"కాదు. అత్తని!" అన్నాను.

హాల్లో గొల్లుమన్నారు. మా ఆయన కూడా నవ్వాడు. కోటేష్ ముఖం ఎర్రబడింది. చేతులు జోడించి, "అవునండీ, మా అమ్మ చెప్పిందే నిజం. బెడ్డ సంగతితో సహా" అన్నాడు. వరసలో కుర్చీలు ఇరుకు. వాడు తన కుర్చీని వెనక్కి జరిపి, ఒదిగి నిలబడి, పెళ్ళాం వెళ్ళడానికి దారిచ్చాడు. "వెళ్ళు" అన్నాడు.

భవ్య స్టేజీ ఎక్కింది. నడకలో తడబాటు లేదు. పెద్దాయన మైకు దగ్గరకి పిలిచి, "తర్వాత ఏ పిట్టని తీస్తావమ్మా?" అని అడిగాడు. ఆ పిల్ల మా వైపు చూసింది. నేను కోటేష్ వైపు చూశాను.

"మా చెరువులో ఎర్రకాళ్ళ ఉల్లంకి పిట్టలు దిగాయండీ" అన్నాడు మా వాడు కింది నుంచే, గట్టిగా. "పొద్దున బస్సుకి వచ్చేముందు నేను చూసొచ్చాను. గుడ్లు పెట్టేట్టున్నాయి."

భవ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాడు నా కంటే మొండివాడు, నోరు తెరిచి కెమెరా పెట్టెలోంచి తియ్యమనడు. వాడికి చేతనైనట్టు అలా చెప్పాడు. నా కొడుకుని చూసి కూడా నాకు గర్వంగా ఉందని ఆ క్షణంలో తెలిసింది.

పెద్దాయన శాలువా విప్పుతూ మళ్ళీ మైకు అందుకున్నాడు. "మొదటి బహుమతి, శ్రీమతి భవ్య గారు!"

నేను మళ్ళీ లేచాను. "అయ్యా, ఇంకోసారి చెప్పండి. మైకు గరగరలాడింది, పేరు సరిగ్గా వినపడలేదు."

ఆయన నవ్వి, ఈసారి ఇంకా గట్టిగా చెప్పాడు. నిజానికి మైకు బాగానే పనిచేసింది. నాకే ఆ పేరు ఇంకోసారి వినాలనిపించింది.